కార్డు పెడితే ట్యాబ్, తీస్తే పుస్తకం

చౌకగా దొరికే ఈ-రీడరును ట్యాబ్‌గా మార్చుకుంటే నిజంగా డబ్బు మిగులుతుందా? మిగులుతుంది, కానీ ఒక షరతు మీద. మార్పు బెడిసికొట్టినా మనం కొన్న వస్తువు మనకు దక్కాలి. ఆ షరతుకు అచ్చంగా సరిపోయింది 2010 నవంబరులో అమెరికాలో బార్న్స్ అండ్ నోబుల్ తెచ్చిన నూక్ కలర్. ధర 249 డాలర్లు; అదే ఏడాది వచ్చిన ఐప్యాడ్ 499 నుంచి మొదలు. డాలరు 45 రూపాయల దగ్గరున్న ఆ రోజుల్లో తేడా 11 వేల పైమాటే. అమెరికా నుంచి పిల్లలు ఏదో ఒకటి పట్టుకొచ్చే రాజమండ్రి, భీమవరం ఇళ్లకు అది చిన్న మొత్తం కాదు. చదవడానికని అమ్మినా దాని లోపల నడిచేది ఆండ్రాయిడే. ఏడంగుళాల రంగుల తెర, 512 ఎంబీ ర్యామ్, వీటన్నిటికన్నా విలువైన మైక్రోఎస్‌డీ స్లాటు. ఆన్ చేయగానే నూక్ ముందు ఆ కార్డునే చూస్తుంది. సయనోజెన్‌మాడ్ అనే మార్పు చేసిన ఆండ్రాయిడ్‌ను ఎక్కించిన కార్డు పెడితే బ్రౌజరు, మెయిలు, యాప్‌లతో ట్యాబ్ అయిపోతుంది. కార్డు తీసేస్తే మళ్లీ పాత నూకే. లోపలి మెమరీని ముట్టుకునే పనే లేదు, కాబట్టి ప్రయోగం చెడితే పోయేది కార్డు ఖరీదు మాత్రమే.

అలాగని ఐప్యాడ్ సగం ధరకు వచ్చినట్టు కాదు. నూక్‌లో కెమెరా లేదు, మైకు లేదు. మనవళ్ల ముఖం చూస్తూ మాట్లాడాలనుకునే అమ్మమ్మకు అది ఎందుకూ కొరగాదు. ఆనాటి ఆండ్రాయిడ్‌లో తెలుగు అక్షరాలు డబ్బాలుగా కనిపించేవి. కానీ స్కాన్ చేసిన పుస్తకంలో పేజీ అంటే బొమ్మే కదా, వీరేశలింగం కాలం నాటి ప్రతులు కూడా శుభ్రంగా చదువుకోవచ్చు. అందుకే ధరకన్నా ముందు అవసరం చూడాలంటాను.

కంపెనీ చదవడానికని ఇచ్చినదాన్ని ఇలా వాడటం తప్పు కాదా అనేవాళ్లున్నారు. చెప్పిన ధర చెల్లించి కొన్నాక వస్తువు మనది. పైగా 2011 ఏప్రిల్‌లో ఆ కంపెనీయే మెయిలు, యాప్‌లు చేర్చి కొత్త సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. వారంటీ పోతుందన్న భయం, మన సమయానికి విలువ లేదా అన్న ప్రశ్న మాత్రం న్యాయమైనవి. అదే 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు సాగు గిట్టుబాటు కావడం లేదని పంట విరామం ప్రకటించారు. రెక్కల కష్టానికీ ధర కట్టాలన్న ఆ లెక్క ఇక్కడా వర్తిస్తుంది. నేర్చుకోవడంలో సంతోషం ఉన్నవాడికి ఆ గంటలు ఖర్చు కావు, లేనివాడికి అచ్చంగా ఖర్చే.

ఇప్పుడు పది వేల రూపాయలకే మామూలు ట్యాబ్ దొరుకుతోంది కాబట్టి మార్చడం కోసమే రీడరు కొనమని ఎవరికీ చెప్పను. ఇంట్లో పాత కిండిల్ పడి ఉంటే సంగతి వేరు. అమెజాన్ 2016 డిసెంబరులో కిండిల్‌కు తెచ్చిన భారతీయ భాషల్లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. మనం తెలుగు చదవడానికి దాన్ని మలచుకోవడంలో నాకు రవ్వంత సంకోచం లేదు. కంపెనీ వేసిన తాళం తీసి (జైల్‌బ్రేక్ చేసి) కోరీడర్ అనే చదివే యాప్ వేస్తే, స్కాన్ పేజీ అంచుల్లోని ఖాళీ కత్తిరించి అక్షరాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. అయితే కిండిల్ తాళం తీయడం కార్డు పెట్టి తీసినంత నిర్భయమైన పని కాదు, అందుకే వారంటీ ముగిసినదాని మీదే చేయాలి. ఇక ఇలా తాళం తీసినది కిండిల్ అయినా ట్యాబ్ అయినా, బ్యాంకు పాస్‌వర్డు, యూపీఐ పిన్ అందులో కొట్టకూడదు. ఆ పనులకు ఫోను ఉండనే ఉంది.