గీకకుండా వేసిన రంగు

మా మందిరపు గోడ మాకు నేర్పిన ఒక పాఠమును మీతో పంచుకొనగోరుచున్నాము. ఇందులో మా తప్పిదము ఉన్నది గనుక దాచకుండా వ్రాయుచున్నాము.

2022 డిసెంబరులో మా గ్రామ మందిరమునకు లోపల రంగులు వేయించాము. స్త్రీల సమాజపు సహోదరీలు వంట చేసే ప్రతి పూటా పిడికెడు బియ్యము వేరుగా తీసిపెట్టి, ఏడాది పొడవునా కూడబెట్టి ఇచ్చిన కానుక అది. రంగుల మేస్త్రి ముందే చెప్పాడు. "అయ్యగారూ, ఏళ్ల తరబడి వేసిన సున్నమిది. అరచేత్తో తుడవండి, ఎలా అంటుతోందో చూడండి. ఇదంతా గీకాలి. పుల్పిటు వెనుక గోడకు చెమ్మ కూడా ఉంది." క్రిస్మసుకు ఆరు రోజులే ఉన్నవి. "ముందు పండుగ గడవనీ తమ్ముడూ, పైన రంగు వేసెయ్" అన్నాము.

క్రిస్మసు ఉదయము గోడలు మిలమిల మెరిసినవి. ఆ ఉదయమే మరొక పని కూడా తొందరగా ముగించాము. పొలం గట్టు విషయమై మూడేళ్లుగా మాటలు లేని అన్నదమ్ములను ముందుకు పిలిచి, చేతులు కలిపించి, చిన్న ప్రార్థన చేసి, ప్రభువు బల్లకు రమ్మన్నాము. గట్టు సంగతి ఒక్క మాటైనా అడుగలేదు.

2023 ఆగస్టు వానలకు పుల్పిటు వెనుక రంగు పొక్కులు లేచింది. వేలితో తాకితే కింది సున్నముతో సహా పెచ్చులుగా ఊడివచ్చింది. రంగు మంచిదే. అయితే అది పట్టుకున్నది గోడను కాదు, సున్నపు పొడిని. ఆ పొడి గోడను విడువగానే రంగూ విడిచింది. ఆ నాట్ల సమయములోనే అన్నదమ్ములు గట్టు మీద కలియబడ్డారు. ఒక ముసలి తల్లి రాలిన పెచ్చులు ఊడ్చుచు, "మా బియ్యం రాలిపోతున్నాయి అయ్యగారూ" అన్నది. ఆమె నిష్ఠూరముగా అనలేదు. అందుకే ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

లేవీయకాండము 14వ అధ్యాయము తెరిచాము. ఇంటి గోడలో పొడ కనబడితే యాజకుడు దానిమీద పూత పూయించడు. ఇల్లు మూసి ఏడు దినములు ఆగుతాడు. పొడ వ్యాపిస్తే ఆ రాళ్లు తీయించి, లోపలి గోడలన్నీ గీకించి, గీకిన మన్ను ఊరి బయట పోయిస్తాడు. వేరే రాళ్లు, కొత్త పూత ఆ తరువాతనే. ఎన్నోమార్లు చదివిన అధ్యాయమే గాని, గీకే సంగతి ఆనాడు మా కంట పడింది.

2024 ఫిబ్రవరి మొదట్లో అదే మేస్త్రిని పిలిచి, ఈసారి అతని మాట విన్నాము. మొదట చెమ్మ ఎక్కడిదో వెదికితే, కప్పు మీది నీరు పోయే గొట్టము ఆకులతో పూడి ఉన్నది. దానిని బాగుచేశాము. సున్నమును తడిపి, గట్టి గోడ తగిలేవరకు రేకుతో గీకారు. యౌవనస్థులు ముక్కుకు గుడ్డ కట్టుకొని సాయపడ్డారు. పగుళ్లు పూడ్చే ముందు మేస్త్రి వాటిని ఇంకా వెడల్పు చేశాడు. ఇదేమిటని అడిగితే, "సన్న పగులులోకి సిమెంటు దిగదు అయ్యగారూ, పైపైన నిలిచి మళ్లీ విడుతుంది. నోరు తెరిచి, దుమ్ము దులిపి, తడిపి నింపాలి" అన్నాడు. కొత్త సిమెంటు, గోడ ఆరడానికి నాలుగు వారాలు ఆగాము.

ఆ నాలుగు వారాలూ సాయంకాలము అన్నదమ్ముల ఇండ్లకు విడివిడిగా వెళ్లి కూర్చున్నాము. తొందరపెట్టినందుకు మొదట మేమే క్షమాపణ అడిగాము. తరువాత విన్నాము. గట్టు కింద వేరొక గాయమున్నది. తల్లి ఆసుపత్రి ఖర్చులో తమ్ముడు తన భాగము ఇవ్వలేదు. గట్టు కొలిపిస్తే అన్న రెండడుగులు లోపలికి జరిపినట్లు తేలింది.

గోడ ఆరిన తరువాత ఒక పూత ప్రైమరు, దానిమీద లప్పం రెండు పలుచని పూతలు, మొదటిది బాగుగా ఆరినాకనే రెండవది. గరుకు కాగితము 120 నంబరుతో, ఆపైన 220తో రుద్దారు. రాత్రి దీపములార్పి టార్చిలైటు గోడ పక్కనుండి వేస్తే, పగలు నున్నగా కనబడిన చోట ఎత్తుపల్లాలు నీడలుగా తేలినవి. అక్కడ మళ్లీ లప్పం, మళ్లీ కాగితము. దుమ్ము తుడిచి, మరొక పూత ప్రైమరు వేసి, అప్పుడు రంగు. రంగుకు రెండు రోజులు, గోడ సిద్ధపరచుటకు ఆరు వారాలు పట్టింది.

మార్చి 31న ఈస్టరు ఆరాధనకు అన్నదమ్ములిద్దరూ వచ్చారు. తమ్ముడు బల్లకు వచ్చాడు. అన్న వెనుక వరుసలోనే కూర్చున్నాడు. మేము అతనిని తొందరపెట్టలేదు. ఆరని లప్పాన్ని రుద్దితే ముద్దగా ఊడివస్తుందని మా కళ్లతో చూచితిమి గదా! ఆ ఏటి వానలకు గోడ నిలిచింది.

ప్రియులారా, పండుగకు ఇంటికి రంగులు వేయించబోయేవారు ముందు గోడను అరచేతితో తుడిచి చూడండి. తెలుపు అంటితే రంగు డబ్బా తెరవకండి. ఇంటివారితో "సరేలే" అని పైపైన ముగించిన మాట ఏదైనా ఉంటే, దానిని కూడా తాకి చూడండి. గీకించుకొను ఓపికను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమెన్.