ఎద్దుల మార్పిడి

మా బలసముద్రం కర్ణాటకలో, పావగడ తాలూకాలో ఉంది. బడిలో కన్నడం చదువుకున్నా ఇంట్లోనూ, పొలంలోనూ, ఎద్దులతోనూ మాకు తెలుగే. ఇప్పుడా ఎద్దులే తగ్గిపోయాయి. మా ఊరితో కలిపి అయిదు గ్రామాల్లో సుమారు 13,000 ఎకరాలు రైతులు సౌర విద్యుత్ పార్కుకు కౌలుకిచ్చారు. 2,050 మెగావాట్ల ఆ పార్కు 2019 చివరికి పూర్తయింది. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలు. వానను నమ్ముకుని వేరుశనగ వేసేవాళ్ళకు అది తీసిపారేసే మొత్తం కాదు, బ్యాంకువాణ్ణిగా ఆ మాట గట్టిగానే చెబుతాను. కాని భూమికి కౌలు వస్తుంది, ఎద్దుకు రాదు గదా!

మా మేనమామ దగ్గర ఒక్క జత మిగిలింది. మొన్న శివరాత్రికి సిద్ధగంగ పరసకు తోలుకుపోదాం, లెక్కకు తోడు రమ్మన్నాడు.

తుమకూరు పక్కనే సిద్ధగంగ మఠం. ఏటా శివరాత్రి రోజుల్లో అక్కడ జరిగే పశువుల పరసకు హళ్ళికర్ ఎద్దులు దిగుతాయి. వెనక్కి వంగిన పొడవాటి కొమ్ములు, బూడిద వన్నె. 2000లో తపాలా శాఖ ఈ జాతి మీద స్టాంపు కూడా వేసింది.

బ్యాంకులో తాకట్టు నగల వేలం చాలాసార్లు చూశాను. అక్కడ పాట పైకి వినిపించాలి. ఇక్కడ బేరమంతా తువ్వాలు కింద! కొనేవాడు, అమ్మేవాడు గుడ్డ చాటున వేళ్ళు పట్టుకుంటారు. ఒక వేలు వెయ్యా, పదివేలా అన్నది వాళ్ళకే తెలియాలి. పక్కన నిలబడ్డవాడికి మొహాలు తప్ప ఏమీ కనబడదు. అంతకుముందే పళ్ళు చూస్తారు, సుళ్ళు చూస్తారు, నాలుగడుగులు నడిపిస్తారు. ఎనిమిది పళ్ళూ వచ్చాక వయసు చెప్పడం కష్టం, అక్కడే నోటి మాటకు పని.

ఒక దళారి జతకు తొంభై వేలన్నాడు. మధుగిరి వైపు రైతొకడు ఆవునిచ్చి పైన పాతిక వేలిస్తానన్నాడు. ఆవు నలభై అయిదు వేలకు మించదు. కామర్సు చదివినవాణ్ణి, ఊరుకోలేక, "మామా, ఇరవై వేలు నష్టం" అన్నాను.

"దళారి వీటిని ఎక్కడికి తోలతాడో తెలుసునా అల్లుడా? ఆయన మడక కడతాడు" అని మామ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

ఎద్దుల్ని ఇచ్చాడు గాని పాత పలుపులు ఇవ్వలేదు. ఆ రైతు కొత్త తాళ్ళు తెచ్చుకునేదాకా అరగంట నిలబడ్డాం. ఆ అరగంటా మామ ఎద్దుల వైపు చూడలేదు, ఆవు పొదుగు గురించే నాతో మాట్లాడాడు.

మేతకు బీడు లేదు, ఎండుగడ్డి కొనాల్సిందే. ఆవు పూటకు నాలుగు లీటర్లిస్తోంది. పాల డబ్బు అత్త ఖాతాలో పడుతోంది. తన పేరుకు మార్చమని మామ ఇంతవరకూ నన్నడగలేదు.