తప్పటడుగులు: నల్లగొండ నుండి పాలమూరు దాక

మన యిండ్లలో పసిబిడ్డ పెరుగుదలను తెలిసికొనుటకు వంటయింటివైపు చూచిన చాలును. బిడ్డ నవ్విన నువ్వుండలు, బోర్లపడిన బొబ్బట్లు, అడుగిడిన అరిసెలు. (మా ప్రాంతమున బొబ్బట్లను భక్ష్యములందురు గాని, ఆ మాట చేర్చిన ప్రాస చెడును.) మా పాపకు నువ్వుండలు సకాలముననే పంచితిమి. ఐదవ నెలలో భక్ష్యములును చేసితిమి. అరిసెల వంతు వచ్చుసరికి మాత్రము కాలము నిలిచిపోయినట్లయ్యెను. ఏడాది నిండెను, పదునాలుగవ నెల గడచెను, పదునారవ నెలయు గడచెను. పాప పిరుదులపై జరుగుచు ఇల్లంతయు చుట్టివచ్చుచుండెనే గాని, నిలువబడి ఒక్క అడుగైనను వేయదయ్యెను. పదునేడవ నెల నడచుచుండగా, ఎండలు ముదురకమునుపే, మేము నల్లగొండ నుండి మహబూబునగరమునకు పోయి వచ్చితిమి. ఆ ప్రయాణమును గూర్చియే యిచ్చట వ్రాయుచున్నాము. ఇది కాశీయాత్ర గాదు. బస్సులో ఒక పూట పయనము మాత్రమే.

నడువని బిడ్డ తల్లికి సలహాలకు కొదువ యుండదు. నువ్వులనూనెతో కాళ్లు పామవలెనని యొకరు, వెచ్చని యిసుకలో నడుము లోతున నిలువబెట్టవలెనని యొకరు, మాటలు ముందు వచ్చిన బిడ్డకు నడక వెనుకబడునని యొకరు చెప్పిరి. ఈ మూడవ మాట మాకు నచ్చెను. ఏలయన పాప అప్పటికే అమ్మ, తాత, బువ్వ, కాకి యనుచుండెను. మా వారు బడిపంతులు. వారికి లెక్క కావలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు మన దేశముతో గూడ ఐదు దేశముల పిల్లలను పరిశీలించి 2006లో ప్రకటించిన పట్టికను తెచ్చి చూపిరి. ఆరోగ్యవంతులగు బిడ్డలలో కొందరు ఎనిమిదవ నెల దాటగనే ఊత లేక నడచిరట. కొందరు పదునేడున్నర నెలల దాక నడువలేదట. నూటికి నలుగురు చేతులును మోకాళ్లును నేల కానించి పారాడనే లేదట. మా వైద్యురాలును 18 నెలలు నిండువరకు వేచియుండుడనియే చెప్పెను. పోతనామాత్యులవారు దశమస్కంధమున రామకృష్ణుల పారాటను ముచ్చటగా వర్ణించిరి గాని, వారు ఎన్నవ నెలలో నడచిరో వ్రాయలేదు. యశోదకు పట్టిక లేదు, అదృష్టవంతురాలు.

మా భయమునకు వేరొక కారణము గలదు. అది మా జిల్లా నీటిలో నున్నది. ఈ మెట్టనేల క్రింద నున్నది నల్లసేనపు రాయి. ఆ రాతిలోని ఫ్లోరైడు భూగర్భజలములో కరగి, బావులలోనికిని బోరింగులలోనికిని వచ్చును. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు మించినచో త్రాగరాదని నియమము. మా పల్లెలు అనేకములలో అంతకు ఎన్నియో రెట్లుండెడిది. పెరిగెడు బిడ్డల పండ్లు గోధుమవన్నె చారలు పడును. ఎముకలలో చేరినచో కాళ్లు వంగును, నడుము బిగిసికొనిపోవును. దీనికి విరుగుడుగా నాగపురములోని పరిశోధనాలయమువారు 1970ల దశకములో పటికను, సున్నమును నీటిలో కలిపి, తేరనిచ్చి వడగట్టు పద్ధతిని కనిపెట్టి, దానికి ‘నల్లగొండ పద్ధతి’ యని పేరిడిరి. ఆఫ్రికా ఖండమున కెన్యా, టాంజానియా దేశములందును ఈ పేరు తెలిసినవారు గలరు. ఊరి పేరు సముద్రములు దాటినందుకు సంతోషింపవలెనో, దాటిన కారణమునకు దుఃఖింపవలెనో మాకు తోచదు.

మా యింట ఈ వ్యాధి పుస్తకములలోని మాట గాదు. మా అత్తగారి పుట్టినిల్లు మర్రిగూడ వైపు పల్లె. అత్తగారి తల్లిని అందరము అవ్వ యందుము. ఆమె ఆ యూరికి కోడలై వచ్చిననాడు నిట్టనిలువుగా నడచి వచ్చినదట. నేడు ఆమె నడుము కొడవలివలె వంగి, మెడ ప్రక్కకు తిరుగదు. ప్రక్కన నున్నవారిని చూడవలెనన్న ఒడలంతయు త్రిప్పవలెను. ఆమె కడపటి కుమారుడు, మా వారికి చిన్న మేనమామ, దొడ్డికాళ్లతో కఱ్ఱ యూతగా నడచును. మా పెండ్లియైన క్రొత్తలో అవ్వ ఆయనను చూపి, “మావాడు గూడ ఏడాదికే నడిచిండు బిడ్డా” యని ఒక్క మాట అనినది. పాప పుట్టినది మొదలు ఆ మాట మా చెవులలో మారుమ్రోగుచునే యున్నది.

మేమిపుడు త్రాగునది కృష్ణ నీరు. నాగార్జునసాగర జలాశయపు అంచున పుట్టంగండి వద్ద యంత్రములతో పైకెత్తిన నీరు కాలువవెంట వచ్చి, మా యూరికి నాలుగు కిలోమీటర్ల దూరమున పానగల్లులోని ఉదయసముద్రమున నిండును. ఇది కందూరు చోడులనాటి చెరువు. వారు కట్టించిన పచ్చల సోమేశ్వరాలయము, ఛాయా సోమేశ్వరాలయము అచ్చటనే కలవు. ఆదివారపు సాయంకాలములందు పాపను ఆ చెరువుకట్టకు తీసికొని పోవుట మాకు అలవాటు. తాను త్రాగు నీటిని బిడ్డ కన్నులార చూచుట మంచిదని మా వారి యభిప్రాయము.

ఛాయా సోమేశ్వరము త్రికూటాలయము. పడమటి గర్భగుడిలో లింగము వెనుక ఒక స్తంభపు నీడ పగలంతయు కదలక నిలిచియుండును. సూర్యుడు ఎటుపోయినను అది పోదు. స్తంభముల నడుమనుండి పలువైపుల వచ్చు వెలుతురు అట్లు కూడునట్లు ఆనాటి శిల్పులు అమర్చిరని చదువుకొన్నవారు చెప్పుదురు. ఒకనాటి సాయంకాలము ఆ ప్రాంగణమున పాపను కూర్చుండబెట్టితిమి. వాలుటెండలో దాని నీడ దానికంటె పొడవుగా సాగెను. పాప దానిని అరచేతితో కొట్టి, ఎదురు కొట్టదని చూచి, నవ్వెను. జరిగినకొలది నీడ ముందుకు జరుగుచుండెను. లేచి పట్టుకొనునేమో యని ఊపిరి బిగబట్టి చూచితిమి. లేవలేదు. చీకటి పడెను, నీడ మాయమయ్యెను, ఇంటికి వచ్చితిమి.

ఇక ప్రయాణము. మహబూబునగరమున మా ఆడుబిడ్డ కుమారునకు పుట్టువెండ్రుకలు తీయు వేడుక. ఆ బాలుడు మా పాపకంటె నెల చిన్న. పదవ నెలలోనే నడచినాడు. ఈ సంగతి మాకు తెలియదేమో యని బంధువులు పలుమారు తెలిపియుండిరి. పోకతప్పదు, పోవలెనని లేదు. అట్టి మనస్సుతో తెల్లవారుజామున బస్సెక్కితిమి. 2023 డిసెంబరు 9 నాటినుండి తెలంగాణమున ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఛార్జీ లేదు. కండక్టరు మాకు సున్న రూపాయల టికెట్టు ఇచ్చి, మా వారివద్ద మాత్రము రొక్కము పుచ్చుకొనెను. వారు దానిని లెక్కల పుస్తకమున వ్రాసికొనిరి.

దేవరకొండ ప్రాంతమున గుట్టలు రాళ్లు పేర్చినట్లుండును. పద్మనాయకులేలిన దుర్గము ఆ కొండలపైననే యున్నది. కందిచేలు కోసిన మోళ్లు, ప్రత్తికట్టెలు, నడుమ నడుమ ఈతచెట్లు, ఎండిన కుంటలు. కల్వకుర్తివద్ద ఒక కూలి స్త్రీ సంచులతో, ఒక చంటివానితో ఎక్కి మా ప్రక్కన కూర్చుండెను. పాలమూరు కూలీలు కట్టని ఆనకట్ట లేదని పెద్దలందురు; నాగార్జునసాగరమున రాళ్లు మోసినవారిలోను వారుండిరి. ఈమె మగనితో పూనాకు పోవుచున్నది. వాడు ఏడాదిన్నరవాడు కాబోలు, కదలు బస్సులో సీట్లు పట్టుకొని ముందునుండి వెనుకకు, వెనుకనుండి ముందుకు పరుగులిడుచుండెను. వాని మోకాలిపై మానిన గాయములు రెండు మూడు కానవచ్చెను.

“పాపకు ఎన్ని నెలలమ్మా?” అని అడిగెను. చెప్పితిమి. “నడుస్తలేదా?” అనెను. లేదంటిమి. జాలిపడునేమో యని చూచితిమి గాని, ఆమె జాలిపడలేదు. “మా పోరడు ఇటుకబట్టి కాడ నడిచిండు. పట్టుకునేటందుకు ఎవ్వరుండిరి? వాడే లేసిండు, వాడే పడ్డడు. మీరు ఇద్దరు ముగ్గురు చేతులు పట్టుకునే ఉంటిరి, ఇంక అది ఎందుకు లేస్తదమ్మా?” అని నవ్వెను. మాకు కొంచెము కోపము వచ్చెను. జడ్చర్లలో ఆమె దిగునప్పుడు పిల్లవానికి మా సంచిలోని అరటిపండ్లు ఇచ్చితిమి. వాడొకటి తిరిగి మా పాప చేతికిచ్చి పోయెను. ఆ కోపము ఎక్కడ నిలుచును?

వేడుకను గూర్చి విస్తరింపము. మేనల్లుడు గుండుతో ఇల్లంతయు పరుగెత్తెను. మా పాప చాపపై కూర్చుండి వానిని చూచి చప్పట్లు కొట్టెను. అనవలసినవారు అనవలసినవి అనిరి. మరునాడు ఉదయము మా వారు పిల్లలమఱ్ఱికి పోదమనిరి.

పూర్వము పాలమూరనబడు ఈ యూరికి ఆరవ నిజామైన మహబూబ్ అలీఖాన్ పేర 1890లో మహబూబునగరమను పేరు వచ్చెను. ఊరికి నాలుగైదు కిలోమీటర్ల దూరమున పిల్లలమఱ్ఱి యున్నది. దాదాపు 700 సంవత్సరముల వృక్షమందురు. మూడెకరముల నేలను కప్పినది. పిల్లలు పిల్లలుగా ఊడలు దిగి మ్రాకులైనందున ఆ పేరు. ఏది తల్లియో ఏది పిల్లయో పోల్చుట కష్టము. దాని నీడను ఒక దర్గాయు కలదు. ప్రక్కనే జింకల వనము, పురావస్తుశాల.

ఇంతటి చెట్టును 2017లో చెదలు పట్టెను. కొమ్మలు విరిగిపడెను. ఆ డిసెంబరులో సందర్శకులను రానీయక ద్వారము మూసిరి. 2018లో అటవీశాఖవారు రోగికి సెలైను ఎక్కించినట్లు మందుసీసాలను కొమ్మలకు వ్రేలగట్టి, బొట్టుబొట్టుగా ఔషధమెక్కించిరి. బరువైన కొమ్మల క్రింద దిమ్మెలు కట్టిరి. క్రొత్త ఊడలు నేలను చేరువరకు గొట్టములలో మట్టి నింపి వానిగుండ దింపిరి. చెట్టు బ్రతికెను. మేము వేలుపలినుండియే చూచితిమి. గొట్టములో దిగుచున్న ఊడను చూచి, ఈ మహావృక్షపు బిడ్డలకును నడకబండి కావలసివచ్చెనే యని మా వారితో అంటిమి. పాప కంచె కమ్మిని పట్టుకొని నిలువబడెను. చాల సేపు నిలువబడెను. బస్సులోని ఆమె మాట జ్ఞప్తికి వచ్చి మేము రెండడుగులు వెనుకకు తగ్గితిమి. పాప మమ్ము చూచెను, చెట్టును చూచెను, మెల్లగా కూర్చుండెను. మా వారు గడియారము చూచిరి. ఇద్దరమును ఏమియు అనుకొనలేదు.

తిరుగు దారిలో అవ్వను చూచి పోదమని మల్లేపల్లిలో దిగి, వేరు బస్సు పట్టుకొని పల్లెకు పోయితిమి. ఇపుడు అచ్చటను కొళాయిలో కృష్ణ నీరే. 2015లో చౌటుప్పలువద్ద పైలాను నిలిపిన మిషన్ భగీరథ పథకపు గొట్టము అవ్వ గుమ్మము ప్రక్కకు వచ్చినది. వంగిన యెముకలను ఆ నీరు నిలువబెట్టలేదు; పుట్టిన బిడ్డల యెముకలను వంగనీయకుండును.

అవ్వ అరుగుపై కూర్చుండి యుండెను. కుశలమడుగక మునుపే, “ఏ నీళ్లు తాపుతున్నరు?” అనెను. ఎప్పుడు పోయినను ఆమె మొదటి ప్రశ్న అదియే. “కృష్ణ నీళ్లే అవ్వా” అంటిమి. పాపను వాకిట గుంజకు ఆనించి నిలువబెట్టి, చేతులు వెనుకకు తీసికొని, మేము చెప్పులు విడుచుటకు పోయితిమి. నిజము చెప్పవలెనన్న, ఆ నిమిషమున నడక మాటయే మరచియుంటిమి.

అవ్వ కఱ్ఱ కొనకు నల్లని రబ్బరు తొడుగున్నది. పాప దృష్టి దానిపై పడెను. గుంజను విడిచెను. ఒక అడుగు. ఆగెను. చేతులు రెండును చాచి మరియొక అడుగు. మూడవది అడుగనుటకంటె పడుట యనవలెను. పడి అవ్వ కఱ్ఱను రెండు చేతుల పట్టుకొనెను. అవ్వ పాపను ఎత్తుకొనుటకు చేయి చాచెను గాని, నడుము వంగనందున ఆ చేయి పాప తలకు జానెడు దూరముననే ఆగెను. మేము లేచులోపల చిన్నమామయ్య తన కఱ్ఱను గోడకానించి, నేలపై చతికిలబడి, పాపను ఎత్తి ఆ చేతిక్రింద నుంచెను. అవ్వ మొదట పాప ముఖము చూడలేదు. మోకాలినుండి మడమదాక రెండు పిక్కలను తడిమి, ఎముకను బొటనవ్రేలితో నొక్కి నొక్కి చూచెను. “సక్కగున్నయ్” అనెను. కొంత తడవు తరువాత, “బియ్యం నానబెట్టుండ్రి” అనెను.

నల్లగొండలో ముహూర్తము చూచి చేయవలెననుకొన్న అరిసెలను ఆ పల్లెలోనే చేసితిమి. అత్తగారు పాకము పట్టిరి, మేము నువ్వులద్ది వత్తితిమి, చిన్నమామయ్య పొయ్యివద్ద కూర్చుండి చెక్కలతో నూనె నొత్తి తీసెను. పాకము కొంచెము ముదిరినది. ఊరిలో పంచుటకు పోవుచుండగా పాప గుమ్మము దాక వచ్చి, గడప దాటలేక, దానిపైననే కూర్చుండి ఏడ్చెను.