జవాబు రాని సలామ్

మా అబ్బాజాన్‌కి గురూర్ ఎక్కువని మొహల్లాలో పేరు. ‘వెనక నుంచి సలామ్ చెబితే తిరిగి చూడడు, జవాబివ్వడు’ అనేవాళ్లు. సలామ్‌కి జవాబివ్వడం వాజిబ్ అని మాకు చిన్నప్పుడు నేర్పిందే ఆయన. అది గురూర్ కాదు, చెవుడు అని అందరికీ తెలిసేసరికి ఎన్నో దోస్తీలు తెగిపోయాయి.

ఆయన 27 ఏళ్లు బట్టల మిల్లులో షటిల్ లూముల మీద పనిచేశారు. ఒక్కో లూములో షటిల్ నిమిషానికి 150 సార్లకు పైగా అటూ ఇటూ కొట్టుకుంటుంది. అలాంటివి ఒకే రేకుల షెడ్డులో వరసగా ఎన్నో. అక్కడ ఎవరూ నోటితో మాట్లాడరు. దారం తెగితే ఒక సైగ, చాయ్‌కి ఒక సైగ, సూపర్‌వైజర్ వస్తుంటే ఇంకో సైగ. షిఫ్టు దిగాక చెవుల్లో గుయ్‌మనేది. “సుబహ్‌కల్లా పోతుందిలే” అనేవారు. మొదట్లో పోయేది. తర్వాత పోవడం మానేసింది.

లోపలి చెవిలో నత్తగుల్లలాంటి భాగం ఉంటుంది. అందులో సన్నటి వెంట్రుకల కణాలు ఆవాజ్‌ని పట్టి మెదడుకి పంపుతాయి. రోజూ గంటలకొద్దీ మోత పడితే అవి చచ్చిపోతాయి, మళ్లీ పుట్టవు. ముందు పోయేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల సన్న స్వరాలు. అందుకే ఆయనకి మగవాళ్ల మాట ఎంతోకొంత అందేది, నా బిడ్డ ‘దాదా’ అన్న పిలుపు అందేది కాదు. స, ష, ఫ లాంటి అక్షరాలు రాలిపోయేవి. “దోస్తులు పిలిస్తే పలుకుతారు, నేను పిలిస్తే పలకరు” అని అమ్మీ ఏళ్ల తరబడి షికాయత్ చేసింది. అరిచి చెబితే ఆయనకి గుస్సా. ఈ చెవుడు అంతే. మెల్లగా అంటే వినపడదు, అరిస్తే చెవి నొస్తుంది.

ఫజర్, మగ్రిబ్, ఇషాల్లో ఇమామ్ సాబ్ ఖిరాత్ పైకి చదువుతారు. జోహర్, అసర్‌లలో చదవరు. అబ్బాజాన్‌కి అయిదు వక్తులూ జోహరే అయిపోయాయి. మొదటి సఫ్‌లో సవాబ్ ఎక్కువని ఎప్పుడూ త్వరపడే మనిషి, ముందువాళ్లను చూసి రుకూకి వంగడానికి రెండో సఫ్‌కి మారారు.

ఉమ్ర్ వల్ల వచ్చిందని అందరూ అన్నారు. మిల్లువాళ్లూ అదే అన్నారు. చివరికి ఆడియోగ్రామ్‌లో 4000 దగ్గర గీత గోతిలోకి దిగినట్టు ఉండటం చూసి చెవి డాక్టర్ వేసిన మొదటి సవాల్, “ఏం పని చేసేవారు?”

మోతతో వచ్చే చెవుడును ఎప్పుడో ఫ్యాక్టరీల చట్టం కింద నోటిఫై చేయాల్సిన జబ్బుల్లో చేర్చారు. పరిహారం ఇవ్వాల్సిన వృత్తి రోగాల జాబితాలోనూ అది ఉంది. 8 గంటల పనికి 90 డెసిబెల్స్ హద్దు అని రూలు. ఇవేవీ అబ్బాజాన్‌కి ఎవరూ చెప్పలేదు. రిటైరయ్యేదాకా ఆయన చెవులు ఒక్కసారీ పరీక్షించలేదు. చెవుల్లో పెట్టుకోమని దూది ఇచ్చారు. దూది మోతని పెద్దగా ఆపదు.

ఇప్పుడు మన పిల్లలు పవర్‌లూమ్ షెడ్లలో, గ్రానైట్ కోత మిషన్ల దగ్గర, గ్రిల్ షాపుల్లో ఉన్నారు. చేయి చాపితే తగిలే మనిషితో కూడా గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తే ఆ చోటు చెవులకు ఖతర్‌నాక్ అని తెలుసుకోండి. ఇయర్ ప్లగ్గో, ఇయర్ మఫ్ఫో అడగండి. పనిలో చేరగానే ఒకసారి, తర్వాత ఏడాదికోసారి ఆడియోగ్రామ్ తీయించి కాగితం దాచండి. రేపు హక్ అడగాలంటే సబూత్ కావాలి. సబర్ మంచిదే, హక్ వదులుకోవడం సబర్ కాదు.

మా తమ్ముడి కొడుకు గ్రిల్ షాపులో చేరాడు. పోయిన నెల వాడి ఆడియోగ్రామ్ తీయించాం. ఆ కాగితం వాడి స్కూలు సర్టిఫికెట్ల పక్కనే, అమ్మీ పెట్టెలో ఉంది.