పెరుగు తోడు

మా నరసరావుపేట వీధిలో దీపాలు పెట్టాక ఉప్పూ, పెరుగూ ఎవరికీ ఇవ్వరు. ఇస్తే లక్ష్మి వెళ్ళిపోతుందని మా అత్తగారి కాలం నుంచీ వస్తున్న మాట. అదే పగటిపూటైతే, అడిగిన గిన్నెలో చెంచాడు తోడు వేయని ఇల్లాలు లేదు. మన గిన్నెలో పెరుగు తరగదు, పక్కింటి పాలు తోడుకుంటాయి. ఇచ్చినా తరగనివి లోకంలో రెండే అనిపిస్తుంది నాకు: ఒకటి తోడు, రెండోది చదువు.

కానీ చదువు దగ్గరకొచ్చేసరికి లోకం చాలాసార్లు "దీపాలు పెట్టేశామమ్మా" అంటుంది!

మా అబ్బాయి 1994లో పుట్టాడు. డాక్టరుగారు కాగితం మీద హెపటైటిస్ బి టీకా పేరు రాసి, "ఇవి మామూలు కామెర్లు కావమ్మా. తల్లి నుంచి బిడ్డకీ, ఒకరికి వాడిన సూది నుంచి మరొకరికీ వస్తాయి. పైకి కనబడకుండా ఏళ్ళ తరబడి లివరును తినేస్తాయి" అన్నారు. మూడు డోసులు. అంతా విదేశీ సరుకు, ఒక్కోటి వందల్లో. మూడూ కలిపితే మా ఇంటి నెల పచారీ సామాను! డబ్బు చేతికొచ్చాక చూద్దామని మావారు ఆ కాగితం మడిచి పంచాంగంలో పెట్టారు. ఆ తర్వాత వాడికి కాస్త ఒళ్ళు వెచ్చబడితే చాలు, రెప్పలు పైకెత్తి కళ్ళు పచ్చబడ్డాయేమోనని చూసేదాన్ని. తల్లులకు చెప్పాలా ఆ బాధ!

ఆ రోజుల్లోనే హైదరాబాదులో ఒకాయన ఇదే టీకా కోసం తంటాలు పడుతున్నారు. నెల్లూరు జిల్లాలో పుట్టిన కె.ఐ. వరప్రసాదరెడ్డిగారు. చదివింది ఎలక్ట్రానిక్స్. మందులకూ ఆయనకూ ఏ చుట్టరికమూ లేదు. జెనీవాలో ఒక సదస్సుకు వెళ్ళి ఈ జబ్బు సంగతి విన్నారు. ఆ విద్య మాకూ అమ్మండని ఒక పాశ్చాత్య కంపెనీని అడిగితే కాదు పొమ్మన్నారట.

చిత్రమేమిటంటే, ఆ విద్యలో చాలా భాగం పుట్టింది విశ్వవిద్యాలయాల్లోనే. రొట్టెను పొంగించే ఈస్టు ఉందే, దాని కణంలో వైరస్ జన్యువు ముక్క ఒకటి చేరిస్తే టీకాకు కావలసిన ప్రొటీను అదే తయారుచేసి పెడుతుంది. ఈ పనిలో చెయ్యివేసిన కాలిఫోర్నియా ప్రొఫెసరు విలియం రట్టర్ 1981లో ఇద్దరు తోటివాళ్ళతో కలిసి కైరాన్ అనే కంపెనీ పెట్టారు. 1986లో అమెరికాలో ఈస్టు టీకాకు అనుమతి వచ్చింది. పాఠం చెప్పేవాళ్ళు వ్యాపారం చేయకూడదని మనం అనుకుంటాంగానీ, లేబరేటరీలో ఉన్నది బిడ్డ చేతికి సూదిగా రావాలంటే మధ్యలో ఎవరో ఒకరు కొట్టు తెరవాలి కదా!

రెడ్డిగారు 1993లో తల్లి శాంతమ్మగారి పేరిట శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం చోటిచ్చింది, తర్వాత సీసీఎంబీ ఇచ్చింది. ఒమన్ విదేశాంగమంత్రి పెట్టుబడి పెట్టారు. మాచర్లలో బ్రహ్మనాయుడి చాపకూడు గుర్తొస్తుంది నాకు. ఒకే చాప మీద ప్రొఫెసర్లు, ఇంజనీరు, ఒమన్ మంత్రి! 1997 ఆగస్టులో 'శాన్‌వాక్' వచ్చింది. ఇతర కంపెనీలూ దిగాక ధర ఇంకా పడిపోయింది. మరుసటి ఏడాది పంచాంగంలోంచి ఆ కాగితం బయటికి తీశాం.

2009లో ఆ కంపెనీ ఫ్రాన్సు వారి సనోఫీ చేతికి వెళ్ళింది. వినగానే మనసు చివుక్కుమంది. "పెళ్ళయితే పిల్ల ఇంటిపేరు మారదుటే?" అన్నారు మావారు. మారుతుంది, నిజమే. అయినా అప్పగింతలప్పుడు ఏడవకుండా ఉంటామా?

2011లో ఈ టీకాను దేశమంతటా పిల్లలకు ఉచితంగా వేయాలని నిర్ణయించారు. మా మనవరాలికి పుట్టిన రోజే ప్రభుత్వాసుపత్రిలో పైసా లేకుండా వేశారు. మీ ఇంట పురుడు రాబోతుంటే ఒక్కమాట గుర్తుంచుకోండి: మొదటి డోసు 24 గంటల్లోపే పడాలి. బారసాల దాకా ఆగేది కాదు.