నీళ్ల సీసాలు

మా గుడి వార్షిక కూడిక ముగిసిన మరునాడు హైస్కూలు పిల్లలు ఆవరణము ఊడ్చుటకు వచ్చిరి. ఆరు గోనె సంచులు ఖాళీ ప్లాస్టిక్ సీసాలతోనే నిండెను. వీటిని ఏమి చేయవలెనని నేను వారిని అడిగితిని.

ఒకడు కాల్చివేయుదమనెను. ఆ పొగ విషమని తక్కినవారే వానిని వారించిరి. మరియొకడు ప్రభుత్వమువారు నిషేధింపవలెననెను. 2022 జూలై 1 నుండి ప్లాస్టిక్ చెంచాలు, కప్పులు, స్ట్రాలు మొదలగువాటిని నిషేధించిరి గాని నీళ్ల సీసాలు ఆ పట్టికలో లేవని చెప్పితిని.

అంతట తొమ్మిదవ తరగతి బాలిక యొకతె సీసా తిరగవేసి, అడుగున త్రికోణములోని 1 అంకెను చూపెను.

"ఇది పెట్ రకం, అయ్యగారూ. కరిగించి దారం తీస్తారు. మా అమ్మ వీటినే ఏరి పాత సామాన్ల బండివాడికి అమ్ముతుంది. పులుసు అంటినవి అతడు తీసుకోడు. మీరేమో అన్నీ ఎంగిలి విస్తళ్లతో కలిపి పారవేయించారు."

నాకు మాట రాలేదు. అతిథులకు సీసా నీళ్లిచ్చితిమని ముందునాడు గొప్పగా చెప్పుకొన్నవాడను నేనే. నా చిన్ననాట మన కూడికలలో కుండలును చెంబులును ఉండెడివి, అవి ఏమైపోయినవో!

"మరల కుండలు పెట్టించినచో మీ అమ్మకు నష్టము గదా, తల్లీ?" అంటిని.

ఆమె కొంతసేపు ఆలోచించెను.

"ఆ కుండలు కడిగి నీళ్లు నింపే పని మా అమ్మకివ్వండి, అయ్యగారూ. కూలి మాత్రం ఇవ్వాలి."

కుండలకును కూలికిని ఎంతగునో లెక్క వ్రాసి సంఘపెద్దల యెదుట పెట్టియున్నాను. వారింకను జవాబు చెప్పలేదు.