విత్తనపు కాయలు వేరుగా ఉంచుదుము గదా!



మా నల్లమాడ ప్రాంతములో వేరుశనగ పండించు రైతు ఎంత ఇబ్బందిలో ఉన్నను కాయలన్నియు అమ్మివేయడు. విత్తనమునకు కొన్ని మూటలు వేరుగా తీసి ఉంచుకొనును. పొలము పాసుపుస్తకమునకు జెరాక్సు తీయించి, ఒకటి తన ఇంట, ఒకటి తమ్ముని ఇంట దాచును. ఈ జాగ్రత్తనే కంప్యూటరు విషయములోను పాటించవలెనని మా మనవి.

నేడు పల్లెటూరి ఇండ్లలోను పెండ్లి ఫోటోలు, పిల్లల మార్కుల పత్రములు, అప్పుల లెక్కలు కంప్యూటరులోనే ఉన్నవి. కొన్ని సంఘములలో బాప్తిస్మము, వివాహముల రిజిస్టర్లు కూడ అందులోనే వ్రాయుచున్నారు. అయితే లోపలి హార్డ్ డిస్కు ఏనాడు ఆగునో ముందుగా చెప్పదు. క్రిందపడినను, కరెంటు ఒక్కసారి ఎక్కువగా వచ్చినను పాడు కావచ్చును.

మాకు తెలిసిన ఒక కుటుంబమువారు తల్లిగారి ఫోటోలన్నియు ఒక్క కంప్యూటరులోనే ఉంచిరి. ఆమె ప్రభువునందు నిద్రించిన మరుసటి సంవత్సరము, ఉరుముల వాన కురిసిన రాత్రి అది చెడిపోయెను. రిపేరు చేయువారు కంప్యూటరును బాగుచేసి ఇచ్చిరి గాని ఫోటోలు తిరిగి రాలేదు. వారి కుమార్తె మాతో, "పెట్టె పోతే ఇంకోటి కొంటాం అయ్యగారూ, అమ్మ ముఖం యాడ కొనేది?" అన్నది. మేమేమి చెప్పగలము?

ఈ నష్టము క్రొత్తది కాదు. 1812 మార్చి 11న బెంగాలులోని శ్రీరాంపూరు ముద్రణాలయము అగ్నికి ఆహుతియైనది. విలియం కేరీగారు ఆ దినమున కలకత్తాలో ఉండిరి. ఆయన వ్రాసిన తెలుగు వ్యాకరణము, బహుభాషా నిఘంటువు, బైబిలు అనువాదముల వ్రాతప్రతులనేకములు బూడిదయ్యెను. వ్యాకరణమును ఆయన మరల వ్రాయగా 1814లో అచ్చయినది గాని, ఆ నిఘంటువు మాత్రము తిరిగి పూర్తి కాలేదు. అక్షరములు పోతపోయు అచ్చులు శిథిలములలో చెడిపోక దొరికినందున, కరిగిపోయిన టైపును వెంటనే మరల పోతపోసికొనగలిగిరి. మూలము మిగిలినది తిరిగి వచ్చెను. ఒక్కటే ప్రతి ఉన్నది పోయెను.

అగ్ని ఒక్కటే శత్రువు కాదు. 2017 మే నెలలో వనాక్రై అను వైరస్ అనేక దేశముల కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళము వేసి, డబ్బు అడిగెను. మన ఆంధ్ర పోలీసువారి కంప్యూటర్లు కొన్నియు దాని బారిన పడెను. వేరుగా ప్రతి ఉంచుకొన్నవారికి అట్టివారితో బేరమాడు పనిలేదు.

కావున వారమునకొక దినము ఏర్పరచుకొనుడి. ముఖ్యమైన ఫైళ్లను పెన్‌డ్రైవులోనికో, విడి హార్డ్ డిస్కులోనికో కాపీచేసి, పని కాగానే దానిని ఊడదీసి బీరువాలో ఉంచుడి. తగిలించియే ఉంచినయెడల పిడుగైనను వైరసైనను రెంటిని కలిపి తీసికొనిపోవును. అదే కంప్యూటరులో మరియొక చోట పెట్టుట ప్రతి కానేరదు. మరియొక కాపీ బెంగుళూరులోని కుమారుని ఇంటనో, ఇంటర్నెట్టులోనో ఉండవలెను. అప్పుడప్పుడు తెరచి, ఫోటోలు కనబడుచున్నవో లేవో చూడుడి; పుచ్చిన విత్తనము మూటలో ఉన్నంత మాత్రమున మొలకెత్తదు గదా! సంఘపు రిజిస్టరును ఏటేట కాగితము మీద కూడ అచ్చుతీసి భద్రపరచుడి.

ఈ పనికి అరగంట చాలును. ఈ శనివారము సాయంకాలము మీ పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ముందుగా అమ్మ ఫోటోలతో మొదలుపెట్టుడి.